హీరోయిన్‌కి తుప్పు పట్టించిన ఫెర్న్ మొక్కలు

వాదనలో గెలిచి ఉద్యోగం ఊడగొట్టుకోబోయినవాళ్లు ఇక్కడ టీ తాగుతున్న మీలో ఎవరైనా ఉన్నారా? లేరా? అయితే ఇవాళ ఫిల్మ్‌నగర్‌లో నా నిర్వాకం వినండి.

అసిస్టెంట్ డైరెక్టర్‌గా నా మూడు నెలల ట్రయల్‌కి ఇవాళే ఆఖరి రోజు. ఉంచుకోవాలో పంపెయ్యాలో ప్యాకప్ అయ్యాక డైరెక్టర్ గారు తేలుస్తారు. ఫ్లోర్‌లో అడవి సెట్. తెల్లచీరలో హీరోయిన్ ఏడవాలి. షేక్‌పేట నర్సరీ నుంచి నలభై ఫెర్న్ కుండీలు కిరాయికొచ్చాయి.

సెట్ చూసుకునే యాదన్న ఓ ఆకు తిరగేశాడు. "మేడం, ఎనక చుక్కలున్నయి. పురుగు పట్టింది. వాపస్ ఇద్దాం."

అంతే, నాకు కాలేజీ డిబేట్ పూనింది! "పురుగేంటన్నా! సిద్ధబీజాలవి. ఫెర్న్‌కి పువ్వుండదు, విత్తనముండదు, ఇవే దాని సంతానం. నేను బీఎస్సీ బాటనీ!"

"రాల్తే?"

"ఊరికే రాలవు. వాటి తిత్తులు బాగా ఎండాలి. అప్పుడు ఉండేలులా విసురుతాయి. గాలి మోసుకుపోతుంది. తడి తగిలినచోట అంటుకుంటాయి. ఈ నాలుగ్గోడల మధ్య ఎండేదీ, గాలేదీ?"

"సదువుకున్నోళ్లు, మీ ఇష్టం" అని వెళ్లిపోయాడు. గెలిచాను!

పెద్ద లైట్ల కింద ఆకులు రెండు గంటలు వేగాయి. హీరోయిన్ కళ్లకి గ్లిజరిన్ పెట్టారు, బుగ్గల మీద ధారలు. అప్పుడు డైరెక్టర్ గారికి ఏదో వెలితిగా తోచింది. మన సినిమాల్లో ఏడుస్తున్నా సరే, జుట్టెగరాలి కదా!

"ఫ్యాన్!" అని అరిచారు.

నా లెక్చర్‌లో ఒక్క ముక్క తప్పలేదండీ! గోధుమరంగు మేఘం లేచింది. చీర టీ రంగుకొచ్చింది. కన్నీళ్లు కారినంత మేరా, కళ్ల నుంచి గడ్డం దాకా, రెండు చారలు!

ఆవిడ మానిటర్ చూసుకుని, "సార్, నాకు తుప్పు పట్టిందేంటి?" అంది.

"ఈ మొక్కల్ని ఓకే చేసిందెవరు?" అని డైరెక్టర్ గారు గర్జించారు.

యాదన్న పాపం, నన్ను కాపాడబోయాడు. "పురుగు, సార్. నేనే చూస్కోలే."

పురుగంటే నేనూరుకుంటానా? "కాదు సార్! సిద్ధబీజాలు! ఓకే చేసింది నేనే!"

డైరెక్టర్ గారు ప్యాకప్ చెప్పి నా వైపు తిరిగారు. "రేపు పొద్దున ఆరింటికి మళ్లీ ఇదే షాట్. అప్పటికి ఆకుల వెనక ఒక్క చుక్క కనబడకపోతే నీకు ఉద్యోగమున్నట్టు."

విన్నారుగా? ఇక ఆ టీ కప్పులు పక్కన పెట్టి లేవండి. తలా ఒక తడిగుడ్డ పట్టుకుని నాతో ఫ్లోర్‌కి రండి. అక్కడ నేను ఓ ఆకు తిరగేసి ఏదైనా వివరించబోతే, మొహమాటపడకుండా ఆ గుడ్డ నా నోట్లో కుక్కండి.