వల అంటే తిరిగాడు

మరాఠీ నేల మీది లాల్‌పేట్‌లో హెలెన్ స్టూడియోకు వచ్చినవాళ్లెవరూ నవ్వడానికి వీల్లేదు. అన్నీ పాస్‌పోర్టు ఫోటోలే. గడ్డం ఎత్తాలి, రెండు చెవులూ కనబడాలి, రెప్ప వేయకూడదు. వారంలో ఆరు రోజులు మనుషుల్ని బొమ్మల్లా కూర్చోబెట్టి పంపే హెలెన్‌కు, ఏడో రోజు కదిలేదేదైనా కావాలి. అందుకే ఆదివారం తెల్లవారగానే కెమెరా మెడలో వేసుకుని ఇరై నదికి పోతుంది.

"ప్రార్థన టైముకన్న వస్తవా బిడ్డా? గా నీళ్లల్ల ఏమున్నది నీకు?" అంటాడు తండ్రి శాంతిరాజు. బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు చీకట్లో పనిచేసి వచ్చిన మనిషి. వెలుతురు కోసం కూతురు పడే తిప్పలు చూస్తే ఆయనకు నవ్వొస్తుంది.

"వస్త నాయినా. వల ఒక్కపారన్న గుండ్రంగ దొరకాలె గద," అంటుంది హెలెన్.

ఆ వల జాలరి బాపురావుది. నదిలో నడుంలోతు దిగి, వల అంచును పళ్ల మధ్య పట్టి, ఒళ్లంతా తిప్పి విసురుతాడు. విసిరే క్షణంలో నోరు తెరిచి అంచు వదిలేస్తాడు. అప్పుడు వల గాలిలో నిండుగా విచ్చుకుంటుంది, రెప్పపాటు కూడా నిలవదు. హెలెన్ అతని వెనక బురదలో మోకాళ్లూని కూర్చునేది. కింద సన్నగా నీటి గీత, దాని మీద చిన్నగా మనిషి వీపు, పైనంతా ఆకాశంలో వల. మనసులో ఆ ఫోటో ఎప్పుడో తయారైపోయింది. కెమెరాలోకే రావడం లేదు. ఒకసారి తొందరపడింది, ఒకసారి ఆలస్యమైంది, ఒకసారి అన్నీ కుదిరితే కొంగ అడ్డం వచ్చింది. ఇట్లా నాలుగు నెలలు గడిచాయి.

ఇక మిగిలింది ఈ ఒక్క ఆదివారమే. బాపురావు కుడి భుజానికి బుధవారం ఆపరేషన్. ఆ తర్వాత చెయ్యి తలపైకి లేవదని డాక్టరు ముందే చెప్పేశాడు. అయినా హెలెన్ కోసం వచ్చాడు. "మూడంటే మూడే సార్లు పోరీ," అన్నాడు మరాఠీలో. అతని భార్య ప్రభావతి ఎప్పటిలాగే చేపల బుట్ట పక్కన గట్టు మీద కూర్చుంది.

ఆ పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే, నీళ్లు ఎక్కడ అయిపోయి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. దూరంగా వంతెన మీద బస్సు పోతుంటే చప్పుడు మాత్రమే దాటిపోయింది. తను ఇంకా నిద్ర లేవలేదేమో, ఈ నదీ ఈ మనిషీ కలలోనే ఉన్నారేమో అనిపించింది హెలెన్‌కు. లేవాలనీ అనిపించలేదు. మొదటి వల మంచులో కరిగిపోయింది. రెండోది సగమే విచ్చుకుంది, భుజం పట్టేసింది కాబోలు.

మూడోసారి బాపురావు చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. మంచు పలచబడి, వెలుగు పాలలా పరుచుకుంది. ఒళ్లు తిప్పాడు. అంతలో వల అంచు అతని మోచేతికి చుట్టుకోవడం హెలెన్ కంటబడింది. గాభరాలో మరాఠీ ఎటు పోయిందో, నోటికి ఇంటిమాటే వచ్చింది. "వల! వల!" అని అరిచింది.

మరాఠీలో 'వళ' అంటే తిరుగు. బాపురావు తిరిగాడు.

విసురుతున్నవాడు విసురుతున్నట్టే, నోరు తెరిచి, పూర్తిగా ఆమెవైపు తిరిగాడు. హెలెన్ వేలు దానంతటదే నొక్కింది. వల మూటలా నీళ్లలో పడింది.

"తిరగమంటివి గద?" అన్నాడు భుజం పట్టుకుని.

హెలెన్‌కు ఏడుపొచ్చింది. తెలుగులో దానర్థం వేరని ఎట్లాగో చెప్పింది. బాపురావు నొప్పిలోనే పగలబడి నవ్వాడు. ఇంకొక్కసారి అని అడగాలని ఆమెకు నాలుక చివరిదాకా వచ్చింది. భుజాన్ని వదలని అతని ఎడమచెయ్యి చూసి మింగేసింది.

పదిరోజుల తర్వాత, ఉత్త చేతులతో పలకరించడానికి మనసొప్పక, పాడైన ఆ ఫోటోనే ప్రింటు తీసి వాళ్లింటికి పట్టుకెళ్లింది. వల లేని వల ఫోటో. చెంప మీద వెలుగు, జుట్టు మీంచి ఎగిరిన నీటి చుక్కలు, ఏం జరిగిందోనని ఆమెనే చూస్తున్న పెద్ద కళ్లు.

"తప్పయింది కాకూ, వల రాలేదు," అంటూ హెలెన్ దాన్ని ప్రభావతి చేతిలో పెట్టింది.

ప్రభావతి తడిచేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది. గుమ్మంలో వెలుగుకు పట్టి చూసింది. "పెండ్లయిన కాడికెల్లి గట్టు మీదనే కూసుంటున్న," అంది మరాఠీలో. "నాకు వీపే కనబడేది. వల ఇడిసేటప్పుడు ఈ మనిషి మొకం గిట్లుంటదా పోరీ?"

మంచం మీద నుంచి బాపురావు కట్టు లేని చెయ్యి చాపాడు, ఏదీ నన్నూ చూడనీ అని.

"ఆగుండ్రి," అంది ఆమె, తలెత్తకుండానే. "నన్ను సూడనియ్యిండ్రి."