పొడుగుకాళ్ళదానికి జేజేలు

కళ్ళజోళ్ళ బాబాయి షాపులో పరీక్షకి కూర్చున్నవాళ్ళకి చూపు మెరుగవుతుందో లేదో చెప్పలేం గానీ, ప్రపంచ క్రీడల అర్హత నిబంధనలు మాత్రం వచ్చి తీరుతాయి. గడ్డం మెషీను మీద ఆనించి, నుదురు పట్టీకి అదిమి, "కదలకండి, మాట్లాడకండి" అన్నాక ఆ మనిషి ఇంకెక్కడికి పోతాడు? ఆ మధ్య ఒకావిడ దగ్గరి చూపుకి అద్దాలు కావాలని వచ్చి, నడక పందెంలో మోకాలు ఎప్పుడు వంగొచ్చో ఎప్పుడు వంగకూడదో క్షుణ్ణంగా తెలుసుకుని, అద్దాల సంగతి మరిచిపోయి వెళ్ళిపోయింది.

ఆయన్ని బాబాయి అని పిలిచే హక్కు నిజానికి ఒక్కతికే ఉంది: అన్నగారి కూతురు చిట్టికి. ఆ పిల్ల పుణ్యమా అని వీధి వీధంతా అలాగే పిలుస్తోంది. చిట్టికి సైకిలు నేర్పింది ఆయనే. నేర్పడమంటే సీటు పట్టుకుని వెనక పరిగెత్తడం. ఒకరోజు సీటు చేతిలోంచి జారిపోయింది. ఆ పిల్ల ఇప్పటిదాకా ఆగలేదు. గిన్నె అంచులా వంపు తిరిగిన చెక్క ట్రాక్ మీద, బ్రేకుల్లేని సైకిలు తొక్కే స్థాయికి వెళ్ళింది. "బ్రేకుల్లేని బండి మీద ఆడపిల్లని ఎక్కించిన ఘనుడివి నువ్వేరా" అని చిట్టి నాయనమ్మ కొడుక్కి రోజుకోసారి సన్మానం చేస్తూనే ఉంటుంది.

ఆటలంటే అందరికీ ఇష్టమే. బాబాయికి ఆటలకన్నా వాటి గుమ్మం ఇష్టం. ఎవరిని లోపలికి రానిస్తారు, ఎవరిని ఆపేస్తారు, ఆపేసినవాళ్ళకి ఏమని చెబుతారు, ఇదీ ఆయన ధ్యాస. ఇంట్లో స్నానాల గది దగ్గర కూడా ర్యాంకింగు పెట్టాడు. నిన్న ఎక్కువసేపు లోపలున్నవాళ్ళు ఇవాళ కిందికి దిగాలి. వారం తిరక్కుండానే తనే అట్టడుగుకి చేరి, భుజాన తువ్వాలుతో వసారాలో నిలబడ్డాడు. "రూలు రూలే" అన్నాడు, రాజ్యం పోగొట్టుకున్న మహారాజులా. కూరలో ఉప్పెక్కువైందని ఎవరైనా అంటే "అప్పీలు గడువు అయిపోయింది" అని పిన్ని జవాబివ్వడం అప్పుడే మొదలైంది.

ఇక అసలు కథ. ఖండం మొత్తానికీ జరిగే సైకిలు పోటీల్లో, స్ప్రింటు పందెంలో, చిట్టి ఫైనలు చేరకుండానే ఓడిపోయింది. ఓడించింది పొడుగుకాళ్ళది. ఆ పిల్లకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఇంకేదో ఉంది గానీ, ఈ ఇంట్లో అది చెల్లదు. నిరుడు ఒక పందెంలో ఆ పిల్ల అడ్డం రావడంతో చిట్టి కిందపడి భుజం ఎముక విరిగింది. అప్పటినుంచి నాయనమ్మ నిద్రలేచి చేసే మొదటి పని, దాని టైర్లు టపాకాయల్లా పేలాలనీ, దాని సీటు మీద పల్లేరుకాయలు మొలవాలనీ కోరుకోవడం.

ఫైనలు రోజు సాయంత్రం షాపులో కంప్యూటరు తెర ముందు బాబాయి, ఆయన పక్కన నాయనమ్మ. అవతల కుర్చీలో లెక్కల మాస్టారు. కంటిపాప పెద్దదవడానికి వేసిన చుక్కలు పనిచేసేదాకా ఆయన కళ్ళు మూసుకుని కూర్చోవాలి. చెవులు మూసుకునే ఏర్పాటు లేదు.

"అమ్మా," అన్నాడు బాబాయి, గొంతు సవరించుకుని. "ఇవాళ ఒక్కపూట పొడుగుకాళ్ళది గెలవాలని కోరుకో."

"ఎవరూ? మన పిల్ల ఎముక విరగ్గొట్టిన మహాతల్లా? నా నోట ఆ మాట రాదు."

"అది గెలిస్తేనే మన చిట్టి ప్రపంచ క్రీడలకి వెళ్తుందమ్మా."

"ఓడించింది అదే, పంపించేదీ అదేనా? నిన్ను చదివించడం నాదే బుద్ధి తక్కువ."

మాస్టారు ఒక కన్ను తెరిచారు. "ఈ పందెంలో మనవాళ్ళెవరండీ?"

"ఎవరూ లేరు మాస్టారూ."

"మరెందుకు చూస్తున్నట్టు?"

బాబాయి మొహం వెలిగిపోయింది. ఇలాంటి ప్రశ్న కోసమే ఆయన పుట్టాడు. "సినిమాహాలు అనుకోండి. ర్యాంకింగు బాగున్న దేశాలకి సీట్లు ముందే రిజర్వు అయిపోయాయి. పొడుగుకాళ్ళదాని దేశానికి సీటుంది. మనకి లేదు, కానీ బయట క్యూలో ముందున్నది మన చిట్టే. ఇవాళ గెలిచినవాళ్ళకి విడిగా ఒక పాసిస్తారు. పొడుగుకాళ్ళది గెలిస్తే పాసు మీద పోతుంది, దాని సీటు ఖాళీ అవుతుంది. అందులో చిట్టి కూర్చుంటుంది."

"అవతలి పిల్ల గెలిస్తే?"

"ఆ గళ్ళ హెల్మెట్ అమ్మాయికి సీటు లేదు. పాసు తీసుకుని తను లోపలికి పోతుంది. చిట్టి బయటే. మళ్ళీ నాలుగేళ్ళు."

నాయనమ్మ వేళ్ళ మీద లెక్క వేసుకుంది. "సరే, గెలవనీ. కానీ బహుమతి తీసుకునేటప్పుడు దానికి ఎక్కిళ్ళు పట్టుకోవాలి."

"పట్టుకోనీ."

"ఆగకుండా."

"అలాగేనమ్మా." ఒప్పందం కుదిరింది.

మూడు పరుగుల్లో రెండు గెలిచినవాళ్ళదే పందెం. మొదటిది పొడుగుకాళ్ళది గెలిచింది, రెండోది గళ్ళ హెల్మెట్. మూడోదాంట్లో ఇద్దరూ సైకిళ్ళ మీదే కదలకుండా నిలబడిపోయారు, గుమ్మం దగ్గర "ముందు మీరు", "అబ్బే, మీరే ముందు" అనుకునే పెద్దమనుషుల్లా. వెనకున్నవాళ్ళకి గాలి తగలదు, అందుకని ఎవరూ ముందుకి పోరు.

"కదలవేం, పొడుగుకాళ్ళూ! కదలవే తల్లీ!" అంది నాయనమ్మ.

తల్లీ అన్నందుకు తనే ఉలిక్కిపడింది. ఇంతలో ఇద్దరూ ఒక్కసారి దూకారు. ఆఖరి వంపు దగ్గర పొడుగుకాళ్ళది కింది దారి పట్టింది, గళ్ళ హెల్మెట్ పక్కనే దూసుకొచ్చింది, ఇద్దరి చక్రాలూ దాదాపు ఒకేసారి గీత దాటాయి. చక్రం మందంలో పొడుగుకాళ్ళది ముందు.

షాపు దద్దరిల్లింది. ఏమీ కనపడని మాస్టారు కూడా లేచి చప్పట్లు కొట్టారు. అప్పుడు తెర మీద అక్షరాలు వచ్చాయి: ఫలితం పరిశీలనలో ఉంది.

"ఏమైందిరా?"

"కింది దారి పట్టినవాళ్ళు చివర్లో ఎర్రగీత దాటి పక్కదాని దారికి అడ్డం రాకూడదమ్మా."

ఆ ఘట్టం నెమ్మదిగా మళ్ళీ చూపించారు. బాబాయి ముందుకి వంగాడు. పొడుగుకాళ్ళదాని ముందు చక్రం ఎర్రగీత ఎక్కింది. ఎక్కి, అవతలికి దిగింది. గళ్ళ హెల్మెట్ రవ్వంత తడబడింది. ఇంకెవరి పందెమైనా అయితే ఆయన ఈపాటికి జడ్జీలకంటే ముందే తీర్పు చదివేసేవాడు. ఇప్పుడు తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, దాటిందంటావా?"

నిరుడు అంతటి గొడవలో ఆ పిల్ల మోచెయ్యి ఎటు తిరిగిందో చెప్పిన మనిషి, కొడుకు చేతుల మీదుగానే బ్రహ్మాండమైన చూపని సర్టిఫికెట్ పొందిన మనిషి, చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "నాకెక్కడ కనపడుతుందిరా, అంతా మసక."

"మాస్టారూ, మీకు?"

"నా కళ్ళలో మీరే కదండీ చుక్కలు పోశారు!"

సాక్షులిద్దరూ అలా తప్పుకున్నారు. కాసేపటికి జడ్జీలు తేల్చారు: ఫలితంలో మార్పు లేదు. నాయనమ్మ కొడుకు వీపు మీద ఒక్క చరుపు చరిచింది. ఆయన కళ్ళజోడు ఎగిరి మాస్టారి ఒళ్ళో పడింది.

అంతలో ఫోను. బాబాయి స్పీకరు నొక్కాడు. "బాబాయ్! నేను వెళ్తున్నా! వెళ్తున్నా బాబాయ్!"

"వెళ్ళు తల్లీ, వెళ్ళు" అన్నాడు.

ఊపిరి తీసుకుని చిట్టి అడిగింది: "నేను అటువైపు లేను, సరిగ్గా చూళ్ళేదు. గీత దాటిందా?"

నాయనమ్మ గట్టిగా అడ్డంగా తలూపింది. బాబాయి తెర వంక చూశాడు, తల్లి వంక చూశాడు.

"దాటింది" అన్నాడు. "జడ్జీలు దాటలేదన్నారు. వాళ్ళదే చివరి మాట. సీటు నీదే, అందులో ఏ తేడా లేదు. కానీ దాటింది."

"ఆ గళ్ళ హెల్మెట్ పిల్ల ఇక్కడే బెంచీ మీద కూర్చుని ఏడుస్తోంది బాబాయ్. వెళ్ళి పలకరించొస్తా. ఫోను పెట్టేయకు."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. దూరంగా ముక్కు ఎగబీల్చడం, చిట్టి ఏదో తెలుగులో అనడం, ఆ పిల్ల ఏదో తన భాషలో అనడం. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థమై ఉండదు. చక్రం తిరుగుతున్న చప్పుడు. చిట్టి సైకిలు పట్టుకుని ఏదో చేసి చూపిస్తున్నట్టుంది. షాపులో ముగ్గురూ ఒక్క ఫోను మీదికి వంగారు, తలలు తగిలేలా.

"ఏమంటోందిరా?"

"తెలీదమ్మా."

"నవ్వినట్టుంది కదూ?"

"నవ్విందండీ" అన్నారు మాస్టారు, కళ్ళు మూసుకునే. "ఇది మాత్రం నేను సాక్ష్యం చెప్పగలను."

అప్పుడే ఎవరో అద్దాలు బిగించుకోవాలని తలుపు తోసుకుని లోపలికి వచ్చారు. ముగ్గురూ ఒకేసారి వెనక్కి తిరిగి, పెదాల మీద వేలు పెట్టి, "ష్ష్" అన్నారు.