ఇబ్బందేమీ లేదు సార్!

ధాన్యం గోదాముల్లో లారీలు తూచే కాటా దగ్గర పనిచేసే మనిషిని అందరూ కాన్వాయ్ అంటారు. ఇరవై రెండేళ్లు సైన్యంలో బరువు లారీలు నడిపాడాయన. నలభై బండ్లు వరసగా, కాన్వాయ్‌గా కదిలితే ముందు బండి ఎప్పుడూ తనదేనట. బయటికొచ్చాక ఏ కబురు చెప్పినా "మా కాన్వాయ్‌లో అయితేనా" అని మొదలుపెట్టేవాడు. వినీ వినీ విసిగిపోయిన లారీ డ్రైవర్లు ఆ మాటనే ఆయనకు పేరుగా తగిలించారు. నొచ్చుకోలేదు సరికదా, లోలోపల మురిసిపోయాడు కూడా.

కాటా పని చూసేవాళ్లకు కుర్చీ ఉద్యోగంలాగే ఉంటుంది. చేసేవాడికి తెలుస్తుంది సంగతి. లారీ ఇనుప పలక మీదికి ఎక్కాక చక్రాలన్నీ పలక మీదే ఉన్నాయో లేదో చుట్టూ తిరిగి చూడాలి. డ్రైవరూ క్లీనరూ దిగారో లేదో చూడాలి, ఎందుకంటే దిగకుండా లోపల కునుకు తీసే మహానుభావులు ఉంటారు. ఆ తర్వాత లారీ పక్కన ఇనుప మెట్లు పట్టుకుని పైకెక్కి, టార్పాలిన్ ఎత్తి బస్తాలు చూసి, దిగొచ్చి, చీటీ రాయాలి. రోజుకు అరవై లారీలు. అంటే అరవై సార్లు ఎక్కడం, అరవై సార్లు దిగడం. ఆయనకేమో యాభై తొమ్మిదేళ్లు. "బాబాయ్, నేనెక్కి చూసి చెప్తాలే" అని కుర్ర డ్రైవర్లు అంటే ససేమిరా అనేవాడు.

ఆ ఉద్యోగం ఊరికే రాలేదు. సైన్యం నుంచి దిగిపోయినవాళ్లకు ప్రభుత్వ గోదాముల్లో ఇన్ని ఉద్యోగాలని ఒక పథకం ఉంది. అరవై ఐదేళ్ల దాకా చేసుకోవచ్చు. షరతు ఒక్కటే: ఏటా డాక్టరు దగ్గరికెళ్లి, ఒళ్లు బాగుందని కాగితం తెచ్చివ్వాలి. ఏడేళ్లుగా ఆ కాగితాన్ని పరీక్ష పాసైన పిల్లవాడిలా తెచ్చి ఇంట్లో చూపించేవాడు.

వాళ్లది మూడో అంతస్తు. భార్య ఇంట్లోనే కిటికీ పక్కన మిషను వేసుకుని బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. సాయంత్రం ఆయన బూట్ల చప్పుడు కింది నుంచి వినిపిస్తుంటే అన్నం గిన్నె పొయ్యి మీద పెట్టడం ఆవిడ అలవాటు. ఏడాదిగా ఆ చప్పుడు రెండో మలుపు దగ్గర ఆగిపోతోంది.

"ఏమండీ, ఎందుకాగారు?"

"లేసు ఊడిందే."

మర్నాడూ లేసే. ఆ మర్నాడూ లేసే. "రోజూ ఊడే లేసులేమిటండీ, పారేసి కొత్తవి కొనుక్కోరాదూ" అని ఆవిడ ఎగతాళి చేసింది. ఒకరోజు చీపురు పుచ్చుకుని మెట్ల మీదికి వెళ్లి చూసింది. రెండు బూట్లకీ ముడి మీద ముడి బిగించి ఉంది. మనిషి మాత్రం గోడకు చెయ్యి ఆనించి, నోరు తెరుచుకుని గాలి తోడుకుంటున్నాడు. మర్నాడు కాటాకు సెలవు పెట్టించి, ఆయన గింజుకుంటున్నా వినకుండా పెద్దాసుపత్రికి లాక్కెళ్లింది.

అక్కడి డాక్టరమ్మ స్కాను తీసి తేల్చి చెప్పింది. గుండెలోంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలో ఉన్న వాల్వు గట్టిపడి సన్నబడిపోయింది. మందులతో తెరుచుకునేది కాదు. మార్చాలి. ఇప్పుడు రొమ్ము కోయనక్కర్లేదు, తొడ దగ్గరి రక్తనాళంలోంచి కొత్త వాల్వు పంపించి అమర్చేస్తారు.

"ఆయాసం ఎప్పట్నుంచి?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఆయాసమా? అబ్బే, లేదమ్మా."

"ఉంది" అంది భార్య.

"మెట్లెక్కితే ఎవరికైనా వస్తుంది కదమ్మా."

డాక్టరమ్మ ఇద్దరి వంకా చూసి, కాగితం మీద భార్య చెప్పిందే రాసుకుంది. "ఇలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు నిలబడ్డ చోటే కూలిపోతారు. ఏడాది ఆగితే మనిషి దక్కుతాడని నేను చెప్పలేను" అంది. ఆ మాట భార్యకు అన్నం సహించకుండా చేసింది. ఆయనకు మాత్రం వేరే దిగులు పట్టుకుంది. గుండె జబ్బని తెలిస్తే గోదాములో ఉంచుతారా?

ఇద్దరూ మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయానికి వెళ్లారు. అక్కడ గుమాస్తా ఒకావిడ ఉంది. తన భర్తా సైన్యంలో పనిచేసి పోయినవాడే. ఆవిడ ఉత్తర్వు కాపీ తీసి బల్ల మీద పరిచింది. సైన్యంలో పనిచేసినవాళ్లకు వాల్వు మార్పిడి ఖర్చంతా ప్రభుత్వానిదే. ఆపరేషనయ్యాక ఆరు నెలలు ఉద్యోగం అట్టేపెట్టాలి. ఆ తర్వాత ఎక్కడం దిగడం లేని కూర్చుని చేసే పని ఇవ్వాలి. అయితే ఖరీదైన వైద్యం కనుక ముగ్గురు డాక్టర్ల బోర్డు మనిషిని చూసి, నిజంగానే ఇబ్బంది పడుతున్నాడని రాయాలి.

"కాగితం మీద బాగానే ఉంటుందమ్మా. నేను ఆసుపత్రిలో పడుకుంటే నా కుర్చీలో ఇంకొకణ్ని కూర్చోబెట్టరూ?" అన్నాడాయన.

"కూర్చోబెడితే వాణ్ని లేపే పని నాది అన్నా. ఆ ఉత్తర్వు అమలు చూసేది ఈ బల్లే. మీరు చెయ్యాల్సింది ఒక్కటే, బోర్డు ముందు ఉన్నదున్నట్టు చెప్పండి. వదినా, మీరూ వెళ్లండి కూడా."

ఉన్నదున్నట్టు చెప్పడం. వినడానికి ఎంత తేలికో! ఇక్కడ సైన్యంలోని ఒక పద్ధతి చెప్పుకోవాలి. పొద్దున్నే హాజరు తీసుకునేటప్పుడు ఒంట్లో బాగాలేనివాళ్లు విడిగా ఒక వరసలో నిలబడాలి. జ్వరమో, నొప్పో, నిజమో, కాదో, అందరి కళ్లూ ఆ వరస మీదే. అక్కడ నిలబడ్డవాడు ఆ రోజంతా పనిదొంగ కింద లెక్క. ఇరవై రెండేళ్లలో కాన్వాయ్ ఒక్కనాడూ ఆ వరసలో నిలబడలేదు. మలేరియా జ్వరంతో బండి నడిపి, దిగి, అప్పుడు పడిపోయాడు. అధికారి వచ్చి "ఏమైనా ఇబ్బందా?" అంటే జవాబు ఆలోచించి నోటితో చెప్పేది కాదు. వెన్నెముకలోంచి వచ్చేది.

బోర్డు రోజు ఆయన ఏం చేశాడయ్యా అంటే, చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు, గడ్డం నున్నగా గీసుకున్నాడు, బూట్లు మెరిసేలా తుడుచుకున్నాడు. "పెళ్లిచూపులకా?" అంది భార్య. ఆవిణ్ని బయట బెంచీ మీదే ఉండమన్నాడు. లోపల మధ్య కుర్చీలో ఉన్న పెద్ద డాక్టరు సైన్యంలో కర్నలుగా చేసి దిగినవాడు. నెరిసిన మీసం, నిటారు మెడ. ఆ మెడ చూడగానే మనవాడి మడమలు రెండూ టక్కున కలిశాయి.

"ఎలా ఉన్నారు? ఏమైనా ఇబ్బందా?"

"ఇబ్బందేమీ లేదు సార్!"

"మెట్లెక్కితే?"

"ఎక్కుతాను సార్!"

వరండాలో ఆరు నిమిషాలు నడిచి చూపించమన్నారు. నడిచాడు. అలా ఇలా కాదు, చేతులూపుతూ, కవాతు నడక. పక్కన గడియారం పట్టుకుని నడుస్తున్న నర్సుకే రొప్పు వచ్చింది. ఆయన రొప్పు ఏమైందంటారా? పళ్లు బిగించి మింగేశాడు. లోపలికొచ్చి మళ్లీ మడమలు కలిపాడు. పెద్ద డాక్టరు స్కాను వంక చూశాడు, మనిషి వంక చూశాడు, మెచ్చుకోలుగా తలాడించాడు.

బయటికొచ్చిన మొగుడి మొహం వెలిగిపోతుంటే పని అయిందనుకుంది భార్య. కాగితం తీసుకుని చదివింది. "మనిషి చురుకుగా ఉన్నాడు. ఇబ్బందులు లేవు. ప్రస్తుతం వాల్వు మార్పిడి అవసరం లేదు. ఏడాది తర్వాత చూడవచ్చు." కింద ఇంకో ముక్క: ఉద్యోగానికి యోగ్యుడు.

"ఏం చెప్పొచ్చారు లోపల?" అంది.

అప్పుడు తెలిసొచ్చింది ఆయనకు. నీళ్లు నమిలాడు. "అడిగాడు... చెప్పాను."

"ఏమని?"

ఆయన వంగి బూటు లేసు సవరించుకోబోయాడు. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఆసుపత్రి అని కూడా చూడకుండా కేకలేసింది. "మీ పరువు ఎత్తుకెళ్లి ఆ గుమ్మానికి తోరణం కట్టుకోండి! ముప్పై మూడేళ్లు కాపురం చేశాను, ఏ ముక్కా నాకెలాగూ చెప్పరు. బాగుచేసేవాడికి కూడా చెప్పరా? వాల్వు ఇవ్వండి బాబూ అని వెళ్లి, వద్దు బాబూ అని వచ్చిన మనిషిని లోకంలో మిమ్మల్నే చూశాను!" ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ రోజు ఆవిడ అన్న దాంట్లో ఒక్కటీ కొట్టిపారేసేది కాదు.

నెల లోపల రెండోసారి చూడమని అర్జీ పెట్టుకునే వీలుంది. గుమాస్తా అర్జీ రాసి సంతకం పెట్టించుకుంది. ఇంట్లో భార్య ఆయన్ని ఎదురుగా నిలబెట్టి నేర్పించబోయింది. "నేనే డాక్టర్ననుకోండి. ఇబ్బందా?" ఆయన నోరు తెరిచి, మూసి, "పోనిద్దూ" అని బట్టలారేసే తీగ దగ్గరికి వెళ్లిపోయాడు. రెండు రోజులు తంటాలు పడి ఆవిడ విసిగి, మళ్లీ గుమాస్తా దగ్గరికెళ్లి మొరపెట్టుకుంది.

గుమాస్తా ఆయన్ని పిలిపించింది. "అన్నా, బండిలో లోపముంటే మీరేం చేసేవారు?"

"బండి పుస్తకంలో రాసేవాణ్నమ్మా. తేదీ, టైము, ఎక్కడ, ఏం లోపం. రాయకపోతే శిక్షే. వెనక నలభై బండ్లుంటాయి, ముందు బండి ఆగిపోతే ఏంగాను?"

"ఎప్పుడైనా దాచారా?"

"బండి సంగతి ఎవడు దాస్తాడమ్మా!" అన్నాడు, కాస్త కోపంగానే.

ఆవిడ సొరుగులోంచి గీతల పుస్తకం ఒకటి తీసి చేతిలో పెట్టింది. "పది రోజులు రాయండి. మీ గురించి. అలాగే."

పుస్తకం ఆయన కాటా గదిలోనే ఉంచుకున్నాడు. భార్యకు చూపించలేదు. ఆవిడ అడగనూ లేదు. ఆవిడకు ఆశ చచ్చిపోయింది.

రెండోసారి బోర్డు గదిలోకి, ఆయన వద్దన్నా ఆగకుండా భార్య వెంట వచ్చి, గోడ పక్క కుర్చీలో కూర్చుంది. అవే మూడు కుర్చీలు, అదే మెడ. మడమలు మళ్లీ కలిశాయి. "ఇబ్బందా?" అన్నాడు పెద్ద డాక్టరు. కాన్వాయ్ పెదవులు కదిలాయి. "ఇబ్బందే..." దాకా వచ్చి ఆగాయి. మొహం జేవురించింది. జేబులోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

పెద్ద డాక్టరు కళ్లజోడు పెట్టుకుని, పక్కవాళ్లకు వినపడేలా చదివాడు.

"సోమవారం. ఆరుంబావు. మెట్లు, రెండో మలుపు. ఆగాను. మూడు నిమిషాలు. మంగళవారం. పదకొండు. పద్దెనిమిదో లారీ. పైకెక్కాక కళ్లు చీకట్లు కమ్మాయి. తాడు పట్టుకుని కూర్చున్నాను. బస్తాలు చూడకుండా దిగాను. బుధవారం. నాలుగున్నర. కాటా గది. పడిపోయాను. ఎంతసేపో తెలియదు. ఎవరూ చూడలేదు. లేచి తర్వాతి లారీ తూచాను."

భార్య కుర్చీలో ముందుకు జరిగింది. బుధవారం సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, రేడియో పెట్టుకుని, అన్నం తిని పడుకున్నాడు.

"ఆదివారం. ఎనిమిది. స్నానాల గది. రొమ్ములో పట్టేసింది. మూలుగు బయటికి వినపడకుండా కుళాయి తిప్పి ఉంచాను. పావుగంట."

ఆ ఆదివారం తలుపు అవతల నిలబడి, నీళ్లన్నీ అవగొట్టేస్తున్నారు మహాప్రభో అని కేకలేసింది ఆవిడే. తలుపు తట్టింది కూడా.

పెద్ద డాక్టరు చదవడం ఆపాడు. మిగతావి ఆఖరి పుట దాకా కళ్లతోనే చూసుకుంటూ పోయాడు. "ఇందులో ఏదైనా పెంచి రాశారా?"

"బండి పుస్తకంలో తప్పు రాయను సార్."

"మరి మొదటిసారి నాకెందుకు చెప్పలేదు?"

"నిలబడి ఉంటే ఆ మాట నోటికి రాదు సార్."

ఆ పెద్దమనిషికి ఆ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. తనూ ఎన్నో ఉదయాలు హాజరు వేళ ఆ ఒంట్లో బాగాలేనివాళ్ల వరసకు ఎదురుగా నిలబడ్డవాడే. "కూర్చోండి" అన్నాడు. కాన్వాయ్ కూర్చోలేదు. "కూర్చోమన్నాను" అన్నాడు ఈసారి గట్టిగా. కూర్చున్నాడు. కూర్చున్నాక భుజాలు ఒక్కసారిగా దిగిపోయి, డెబ్బై దాటిన ముసలివాడిలా కనిపించాడు. పెద్ద డాక్టరు కాగితం మీద గబగబా రాసి, పక్కవాళ్ల చేత సంతకాలు పెట్టించాడు. వాల్వు మార్పిడి వెంటనే. వచ్చే గురువారం చేరాలి. కాటా పనికి ఈ రోజు నుంచే వెళ్లకూడదు. ఉద్యోగం ఉత్తర్వు ప్రకారం అట్టేపెట్టాలి.

గది బయటికి రాగానే భార్య కాగితం సంచిలో పడేసి విసవిసా నడవడం మొదలుపెట్టింది. సంతోషపడాల్సిన ఘడియ కదా అంటే, ఆవిడ కళ్ల ముందు మూసి ఉన్న స్నానాల గది తలుపు తప్ప ఏమీ లేదు. పొడుగాటి వరండా. వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన అలవాటు కొద్దీ ఆవిణ్ని అందుకోబోయాడు. పది అడుగులు వేశాడు, పదిహేను వేశాడు. గోడకు చెయ్యి ఆనించాడు.

"ఏమే."

ఆవిడ ఆగలేదు.

"ఏమే, కాస్త ఆగు. నేను రాలేకపోతున్నాను."

అంతమంది నడుస్తున్న వరండాలో ఆ మాట అందరికీ వినపడింది. ఆవిడ గిరుక్కున తిరిగింది. వచ్చి, మోచెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది. ఆయన గాలి తోడుకుంటుంటే వినపడుతోంది. ఈసారి ఆయన దాన్ని మింగలేదు. ఆవిడ తిట్టలేదు. చాలాసేపటికి, "ఎప్పుడు లేద్దామంటారు?" అని అడిగింది.

"చెప్తాను" అన్నాడాయన.