లైనింగు కింద ఎండుమిరపకాయలు

ఈ పొద్దున చెప్పుల స్టాండు దగ్గర ఎండుమిరపకాయల వాసన ముక్కుకి తగిలింది. వంగి చూస్తే, కాలేజీ వాళ్ళతో సింగపూర్ టూరుకి వెళ్ళిన మా అమ్మాయి పెట్టెలో నిన్న నేను కట్టి దాచిన గుడ్డమూట, పాత స్లిప్పర్ల మీద పడి ఉంది. కాసేపటికి ఎయిర్‌పోర్టు నుంచి అదే ఫోన్ చేసింది. "తీసేశాను మమ్మీ. స్కానింగులో కనపడితే ఆపేస్తారు. ఇప్పుడు చూడు, నిమిషంలో వదిలేశారు!" ఆపితే ఆపనీయవే అన్నాను. దానికి నవ్వొచ్చింది. నాకు చిన్నప్పటి స్నేహితురాలు షమీమ్ గుర్తొచ్చి, ఇన్నేళ్ళ తర్వాత కూడా కడుపులో అదే మంట లేచింది.

వినుకొండ దగ్గర మా ఊళ్ళో, పత్తితీతలు అయిపోయి కల్లాల్లో మిరపకాయలు పరిచాక గాలి ఎటు తిరిగితే అటు తుమ్ములే. బళ్ళో పిల్లలకి తుమ్ములు, మాస్టారికి తుమ్ములు, తొక్కుడుబిళ్ళ ఆడుతూ గీత మీద కాలేసి కూడా తుమ్మొచ్చిందని బుకాయించే షమీమ్‌కి మరీ తుమ్ములు. వాళ్ళది పరుపులు కుట్టే ఇల్లు. వాళ్ళమ్మ మస్తానమ్మత్త ఒళ్ళంతా దూదిపింజలతో గడపలో కూర్చుని కుడుతూనే, బయటికెళ్ళే షమీమ్‌ని వెనక్కి పిలిచి, గుప్పెట్లో కల్లుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని దిష్టి తీసి పొయ్యిలో పడేసేది. రంజాన్‌కి ఆవిడ చేసే సేమియా పాయసం నాకూ గిన్నె నిండా పెట్టేది కానీ, ఆ గుప్పెడు మాత్రం నా చుట్టూ ఎప్పుడూ తిప్పలేదు. తిప్పాల్సిన మా అమ్మేమో బళ్ళో సైన్సు టీచరు. కాచి చల్లార్చిన నీళ్ళు, కత్తిరించిన గోళ్ళు, వేళకి నిద్ర, అంతే ఆవిడ ముద్దు.

పదో తరగతి పరీక్షలయ్యాక మా బడి వాళ్ళు కాశీ చూపించి, అక్కణ్ణుంచి బస్సులో నేపాల్ తీసుకెళ్ళారు. అమ్మ నాకు చక్రాల సూట్‌కేసు కొనిపెట్టి, బట్టలు మడతపెట్టి, బిస్కెట్ ప్యాకెట్లు సర్ది, పైన మార్కరుతో పేరు రాసింది. షమీమ్‌ది వాళ్ళ నాన్న పాత గుడ్డపెట్టె. దాన్నిండా కారప్పూస, గోంగూర పచ్చడి, వెల్లుల్లి కారం, రైల్లో తలకింద పెట్టుకోమని వాళ్ళమ్మ కుట్టిన చిన్న దిండు. దారంతా బిస్కెట్లు నములుతూ ఆ డబ్బాల కేసి చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

సరిహద్దు దగ్గర అందర్నీ దింపి సామాను తనిఖీ చేశారు. నా సూట్‌కేసు తెరిచారు, మూశారు, పొమ్మన్నారు. షమీమ్ పెట్టె దగ్గర మాత్రం తనిఖీ చేస్తున్న జవాను చెయ్యి ఆగింది. అడుగున లైనింగు కింద ఏదో గడ్డలా ఉంది, పైన కొత్త కుట్టు. ఏంటిదన్నాడు హిందీలో.

"చెప్పవే, నీకు హిందీ వచ్చుగా!" అన్నారు మాస్టారు కంగారుగా.

"మా ఇంట్లో తెలుగేనండీ మాస్టారూ! అదేంటో నాకు తెలీదు, ఒట్టు!" అని షమీమ్ ఏడుపు లంకించుకుంది.

పెద్ద ఆఫీసరు వచ్చేదాకా ముట్టుకోకూడదట. ఎండలో బస్సు ఆగిపోయింది, తినుబండారాల డబ్బాలన్నీ బల్ల మీదికొచ్చాయి. షమీమ్‌ని వెనక్కి పంపేస్తారేమోనని పిల్లలు గుసగుసలాడారు. చివరికి ఆఫీసరు వచ్చి బ్లేడుతో కుట్టు విప్పించాడు. ఎర్రగుడ్డ మూట. అందులో ఎండుమిరపకాయలు, కల్లుప్పు, షమీమ్ చిన్నప్పటి గౌను ముక్క. జవానుకి తుమ్ములు పట్టుకున్నాయి. మాస్టారు హిందీలో దిష్టినేమంటారో తెలీక, షమీమ్ తల చుట్టూ గుప్పెడు తిప్పి చూపించారు. ఆఫీసరు పకపకా నవ్వాడు. తన తల చుట్టూ తనే చెయ్యి తిప్పుకుని, "మా అమ్మ కూడా" అన్నట్టు ఏదో అని, మూటని మళ్ళీ లైనింగు కింద పెట్టి, పైన అరచేత్తో మెల్లగా తట్టాడు.

అందరూ షమీమ్ చుట్టూ మూగారు. అది ముక్కు చీదుకుంటూ నాతో, "నీదే హాయే బాబూ, నిమిషంలో వదిలేశారు" అంది. నా ఒళ్ళు మండిపోయింది. బస్సెక్కాక, ఎవరూ చూడకుండా నా సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని, లైనింగంతా మూలమూలలా వేళ్ళతో తడిమాను. నున్నగా ఉంది.

ఇంటికొచ్చి అడిగేశాను, నాకెందుకు కట్టలేదని. "పుల్లలా ఉన్నావు, నీకేం దిష్టే!" అని అమ్మ నవ్వి, కుక్కర్ దించడానికి వెళ్ళిపోయింది.

ఇప్పుడా కల్లాలున్న చోట ప్లాట్లు. మస్తానమ్మత్త లేదు, పరుపులన్నీ షాపుల్లోవే. మా అమ్మ కూడా పోయి చాలా కాలమైంది. మా అమ్మాయి గట్టి ప్లాస్టిక్ పెట్టెకి సూది దిగే చోటే లేదు, అందుకే మూటని బట్టల మధ్య పెట్టాను. మొన్న ఫోన్లో షమీమ్ చెప్పింది, ఆ ఎర్రమూట ఇంకా బీరువాలో ఉందట, మిరపకాయలు పొడైపోయినా పారెయ్యబుద్ధి కాదట. ఎంత కుళ్ళుకున్నానో!

స్లిప్పర్ల మీది మూట తీసి, దుమ్ము దులిపి, నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. ఎక్కడైనా ఆపి ఏంటిదని అడిగితే, మా అమ్మ కట్టిందని చెబుతాను.