గుడ్డ తెల్లగా వచ్చేదాకా

మా పెద్దమ్మ పోయింది. పోయిన నెల ఒక పొద్దున, ఆళ్ళగడ్డలో, కాఫీ తాగి గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగిందట, మళ్ళీ లేవలేదు. పక్కింటామె ఫోన్లో ఏడుస్తూ చెప్పిన మాటల్లో నాకు బాగా నిలిచిపోయింది ఆ గ్లాసే. పోయేముందు కూడా ఎంగిలి గ్లాసు వదిలేసి పోయే మనిషి కాదు మా అమ్మ అక్క. పుట్టింటి వైపు నుంచి కప్పాల్సిన కొత్త చీర నంద్యాలలో కొనుక్కొని బస్సెక్కాను.

బస్సు దిగి నాలుగడుగులు వేశానో లేదో ఆమె కనిపించింది, ఫ్లెక్సీ మీద. శవానికి ఇంకా నీళ్ళు పోయలేదు, అప్పుడే ఫ్లెక్సీ లేచింది. ఓటరు కార్డులోని బెదురు మొహం. దాని కింద అడ్డంగా రెండు పెద్ద తుపాకులు, వెనకాల నోరు తెరిచిన సింహం, చుట్టూ మంటలు. ఆ తుపాకులు ఆమెవి కావు, ఏ సినిమా పోస్టరులోంచి ఎత్తారో. అడుగున సంతాపం తెలిపే మగాళ్ళు వరసగా, ఆమెకంటే పెద్ద మొహాలతో, నల్లద్దాలు పెట్టుకొని. ఏడుపు రావాల్సిన చోట నేను మొహం తిప్పుకొని నడిచాను.

మీకు సంగతి చెప్పాలి. మా పెద్దమ్మ నంద్యాలలో ఆడపిల్లల బడిలో డ్రిల్ టీచరు. కాలేజీలో కవాతు చేసే పిల్లల్లో చేరినప్పుడు తుపాకీ పట్టడం నేర్చి, గురి కుదిరి, ఆటగా మొదలుపెట్టి, చివరికి లైసెన్సు తీసుకొని ఒక .22 పిస్టలు కొనుక్కుంది. పందేల్లో కాగితపు గుండ్రాలను కాల్చే పిస్టలు అది. చిటికెనవేలి గోరంత తూటా. పేలితే టపాకాయంత మోత, అంతే. కానీ మా సీమలో తుపాకీ అంటే జనానికి ఒకటే అర్థం. ఆమెకు లైసెన్సుందని తెలిసిన ప్రతివాడూ గొంతు తగ్గించి, కన్ను గీటి, "ఎవురి మీదికి టీచరమ్మా?" అని అడిగేవాడు.

"కాయితం మీదికప్పా," అనేది. "కాయితానికి బొక్క పెట్టేదానికి పుట్టింది ఇది. నీ మీదికి ఎందుకు, దుడ్లు దండగ."

వాళ్ళు పోయాక నా వైపు తిరిగి ముక్కు చిట్లించేది. "అసింకం," అనేది. అసహ్యానికి మా సీమ మాట అది, ఆమె నోట మాత్రం అంత శుభ్రంగా పలికేది.

నేను చదువు కోసం ఆమె ఇంట్లోనే పెరిగాను. ప్రాక్టీసుకు కర్నూలు పోయేటప్పుడు పిస్టలు తాళం వేసిన చెక్కపెట్టెలో పెట్టి, ఆ పెట్టెను వైరు బుట్టలో దించి, పైన కరివేపాకు కప్పేది. తూటాలు తాళం వేసిన వేరే రేకు డబ్బాలో, వేరే సంచిలో. తిరిగొచ్చేటప్పుడు ఎంత ఆకలైనా సరే, సబ్బుతో చేతులు కడగనిదే పెరుగన్నం డబ్బా మూత తీసేది కాదు, నన్ను తియ్యనిచ్చేది కాదు. తూటాలో సీసం ఉంటుంది, చేతికంటింది నోట్లోకి పోతుంది. "కాల్చినాక చేతులు కడుక్కోకుండా మొగం కూడా ముట్టుకోవద్దు మే," అని ప్రతిసారీ చెప్పేది. నాకు ఒంటికి పట్టిన మాట అది. ఇప్పటికీ బజారు నుంచి వస్తే ముందు కుళాయి కాడికే పోతాను.

ఇంటికొచ్చాక బేతంచెర్ల బండ పరిచిన అరుగు మీద పాత పంచె పరిచి కూర్చునేది. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలను ముక్కలు చేసి ఒక సీసాలో దాచేది. కొత్త గుడ్డ పనికిరాదు, దాంట్లో గంజి ఉంటుంది. ఒక్కో ముక్కను సన్నటి కడ్డీకి చుట్టి గొట్టంలోకి వెనకనుంచి తోసేది, మూతి వైపు నుంచి ఎప్పుడూ తోసేది కాదు. మూతి దగ్గర వెంట్రుకంత గీత పడినా తూటా దారి తప్పుతుందట. మొదటి ముక్క నల్లగా వచ్చేది, తర్వాతది బూడిద రంగులో. నాకు విసుగొచ్చి "చాల్లే పెద్దమ్మా" అంటే, "గుడ్డ తెల్లంగా వచ్చిందా?" అనేది. రాకపోతే ఇంకో ముక్క. తెల్లగా వచ్చాక ఒకే ఒక్క చుక్క నూనె. అంతే, ఆ పూటకి ఆమె మొహం కూడా తెరిపిన పడేది.

ఆమెకు ఒళ్ళు మండే సంగతి ఇంకొకటుంది. పిస్టలు చేతికొస్తే చాలు, ప్రతివాడూ ఖాళీగా ట్రిగ్గరు నొక్కుతాడు. టిక్కు. ఈ చిన్న తూటాకు మందు అంచులో ఉంటుంది. పిన్ను వచ్చి ఆ అంచునే కొడుతుంది. తూటా లేనప్పుడు నొక్కితే పోయి ఇనుమునే కొడుతుంది, తూటా కూర్చునే చోటు అంచు నలుగుతుంది. ఊరికే నొక్కాల్సి వస్తే ఆమె కాల్చిన ఖాళీ తూటాను లోపల పెట్టి నొక్కేది. ఎవరైనా టిక్కుమనిపిస్తే, వాళ్ళు తన కంచంలో చెయ్యి పెట్టినట్టు చూసేది.

పెళ్ళిళ్ళలో అడిగేవాళ్ళు. ఒకసారి మా దగ్గరి చుట్టాల పెళ్ళిలో మెరవణి బయల్దేరే ముందర, "అక్కా, పైకి రెండు పేల్చు, మన మర్యాద నిలబడతాది," అన్నాడు పెండ్లికొడుకు మేనమామ.

"పైకి పోయింది కిందికి రాదా? యాడ పడతాదో నీకు తెలుసా?" అంది పెద్దమ్మ. "మర్యాద కావాలంటే వచ్చినోళ్ళని కూర్చోబెట్టి అన్నం పెట్టు." ఆమె మాత్రం ఆ అన్నం తినకుండానే వచ్చేసింది.

దసరాకు ఇంకో రోత. రిటైరయ్యాక ఆళ్ళగడ్డలో అత్తగారింటికి చేరింది. పెదనాన్న అప్పటికే లేడు, పిల్లల్లేరు. మరిది కుటుంబంతో కలిసి ఉండేది. ఆయుధపూజ నాడు ట్రాక్టరుకూ మోటారుకూ పెట్టినట్టే మరిది కొడుకు తాళంచెవి వెతికి పెట్టె తెరిచి, పిస్టలుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, పైన నిమ్మకాయ తిప్పాడు. ఆమె గుడి నుంచి వచ్చి చూసి, అరుగు మీద కూర్చుని విప్పదీసింది. తడి పసుపు స్ప్రింగు దాకా దిగింది. "దేవుని పేరు చెప్పి తుప్పు పట్టిస్తాండారు గదప్పా," అని మాత్రం అంది. ఆ ఏటి నుంచి చెక్కపెట్టె మూత మీద ఒక్క బొట్టు పెట్టేది, పిస్టలు మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. "తుడ్సడమే దీనికి పూజ," అనేది.

ఎలక్షన్లొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి. పెద్దపెద్దోళ్ళు చెప్పించుకొని చెప్పించుకొని, మనుషుల చేత పంపించేవాళ్ళు. ఆమె ఎవరూ అడగకముందే ఆటో ఎక్కి తనే పోయేది. ఒకసారి నన్నూ వెంటబెట్టుకొని పోయింది. అక్కడ బల్ల మీద ఉన్న గొప్పోళ్ళ తుపాకుల్ని చూసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తుప్పు, సాలీడు గూళ్ళు, ఒకదాని గొట్టంలో ఎండిన పేడపురుగు. "వీటితోనా వీళ్ళు మీసాలు తిప్పేది," అంది బయటికొచ్చాక. ఆ రోజే ఆటోలో నా చేతిలో రేకు డబ్బా రెండో తాళంచెవి పెట్టి చెప్పింది. "నేను పోయిన దినం ముందు పిస్టలు తెచ్చి స్టేషన్లో ఇచ్చేయ్. వాళ్ళ చేతిలో ఆటబొమ్మ కానియ్యొద్దు. నా కాడ ఏడ్చేదానికి టైముంటాది."

అందుకే ఆ మధ్యాహ్నం ఇంట్లోకి అడుగుపెట్టగానే నాకు వినబడింది ఏడుపులు కాదు. లోపలి గదిలోంచి టిక్కు. కాసేపాగి మళ్ళీ టిక్కు.

మరిది కొడుకు, నలభై దాటిన మనిషి, స్నేహితుల మధ్య నిలబడి గోడ మీది క్యాలెండరుకు గురిపెడుతున్నాడు. పిస్టలు నిండా పసుపు, కుంకుమ. మూతి చుట్టూ బొట్టు, మీద పన్నీరు చల్లిన తడి. కింద రేకు డబ్బా, దాని మూత మీద రోకలితో కొట్టిన సొట్టలు. పెట్టె తాళంచెవి ఆమె తలగడ కింద దొరికిందట, డబ్బాది మాత్రం దొరకలేదట.

"వచ్చినావా? తాళంచెవి నీ కాడ ఉండాదంట గదా, ఇయ్యి," అన్నాడు. "పెద్దమ్మను ఎత్తేటప్పుడు మూడు గుండ్లు పేలుస్తాం. దానికంటే ముందు చేతిలో పెట్టి ఒక ఫోటో."

"ఎవురి చేతిలో అన్నా?"

"పెద్దమ్మ చేతిలోనే."

పెరట్లో ఆమెకు నీళ్ళు పోస్తున్నారు. చెంబు చప్పుడు వినబడుతోంది. బిగుసుకుపోయిన ఆ వేళ్ళను విప్పదీసి, కుంకుమ కారే పిస్టలు ఇరికించి, సెల్‌ఫోన్లు ఎత్తుతారట. ఇన్నేళ్ళలో నాకు మనుషుల మీద అంత అసహ్యం ఎప్పుడూ పుట్టలేదు. 

వాడి ముందే స్టేషన్‌కు ఫోన్ చేశాను. లైసెన్సున్న మనిషి పోయింది, పిస్టలు ఇంట్లో ఉంది అన్నాను. "ఆలస్యం చెయ్యకుండా తెచ్చేయండమ్మా," అన్నారు.

"సావు కాడ ఏందీ రచ్చ?" అన్నాడు వాడు.

"లైసెన్సు ఆమెది. ఆమె లేదు. ఇప్పుడది నీ చేతిలో ఉంటే కేసు నీ మీదికొస్తాది."

సింహం ఫ్లెక్సీ కట్టించిన మనిషి పిస్టలును మంచం మీద పడేసి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "తీస్కపో. నాకేం పని దాంతో," అన్నాడు. స్నేహితులు ఒక్కొక్కరే గదిలోంచి జారుకున్నారు.

పిస్టలు తెరిచి చూశాను, లోపల తూటా లేదు. పెరట్లోకి పోయాను. బండ మీద ఆమె ఒంటి నుంచి తీసిన పాత నూలు చీర పడి ఉంది, చాకలికి వెయ్యడానికి. మెత్తటి నీలం అంచు చీర. తడవని కొంగు వైపు చింపుకొని పిస్టలు చుట్టాను. నేను తెచ్చిన కొత్త చీర పక్కింటామె చేతిలో పెట్టాను.

"నువ్వే కప్పాల గదమ్మా," అందామె.

"మీరు కప్పండక్కా. నేను తిరిగొచ్చేదాకా ఆగరు వీళ్ళు."

తడి జుట్టుతో పెద్దమ్మ పీట మీద ఒరిగి ఉంది. ఒక్కసారి చూసి, లోపలి నుంచి చెక్కపెట్టె, రేకు డబ్బా తెచ్చుకొని ఆటో ఎక్కాను.

స్టేషన్లో హెడ్ కానిస్టేబులు పెద్ద వయసు మనిషి. పిస్టలు, పెట్టె, తూటాల డబ్బా అన్నీ చూసుకున్నాడు. తీసుకొని లోపల పెట్టబోతుంటే ఆపాను.

"కాసేపు తుడవనిస్తారా సార్?"

"ఎందుకమ్మా, బీరువాలో పడి ఉండేదే గదా."

"ఆమె ఎప్పుడూ ఇట్ల ఇయ్యలేదు మీకు."

ఆయన ఆ కుంకుమ చూసి, నన్ను చూసి, బల్ల మీది కాగితాలు పక్కకు జరిపాడు. పెట్టెలోంచి కడ్డీ, నూనె సీసా తీసి, ఆ నీలం అంచు కొంగును ముక్కలుగా చింపి, వెనకనుంచి తోశాను. మొదటిది ఎర్రగా వచ్చింది. రెండోది పసుపు కలిసిన ఎరుపు. బయట రోడ్డు మీద డప్పులు మొదలయ్యాయి, పెద్దమ్మ వీధి వైపు నుంచి. హెడ్ కానిస్టేబులు నా మొహం చూసి, "పోవాలంటే పోమ్మా, నేను పెట్టేస్తా," అన్నాడు. ఇంకో ముక్క చుట్టాను. గులాబీ రంగు. ఇంకొకటి. డప్పులు స్టేషను ముందు నుంచి దాటిపోయాయి. ఇంకొకటి. అది తెల్లగా వచ్చింది.

ఒక చుక్క నూనె వేసి, పెట్టె మూసి ఇచ్చేశాను. అప్పుడు కళ్ళు మండాయి. తుడుచుకుందామని చెయ్యెత్తి, ఎత్తిన చేతిని అట్లాగే ఆపాను.

"కుళాయి యాడుంది సార్?" అని అడిగాను. వెనక వరండాలో, అన్నాడు. అక్కడ అరిగిన సబ్బు ముక్క ఉంది. రెండుసార్లు, మణికట్టు దాకా కడుక్కున్నాను. ఆ తర్వాత ఏడ్చాను.