కోతిమనిషికి మాట రాదట

1961 ఫిబ్రవరి, ఒక శనివారం సాయంత్రం. మాచర్లలో మా ఇంటి అరుగు. ఉన్నవారు: మా అమ్మ, మద్రాసు నుంచి ప్యాంటు, టై, నల్ల కళ్లద్దాలతో వచ్చిన మా అక్క భర్త, ఎదురింటి టైలరు బాబాయి, నేను. కాసేపటికి, ఆంజనేయుడి వేషంలో పగటివేషగాడు.

బావ మద్రాసు స్టేషన్‌లో కొన్న ఇంగ్లీషు బొమ్మల పుస్తకం అప్పటికే చదివి ఉన్నాను. ఒక డాక్టరు బతికున్న మనిషికి కోతి నెత్తురు ఎక్కిస్తాడు. వాడు సగం మనిషి, సగం కోతి అవుతాడు. అక్కడి నుంచి వాడి నోట ఒక్క మాట లేదు, గుర్రుమనడమే. ఒక ఆడపిల్లను ఎత్తుకుపోతాడు, తుపాకీ దెబ్బకు చస్తాడు. చేసిందంతా చేసిన డాక్టరు కన్నీళ్లు తుడుచుకుని ఇంటికి పోతాడు! ఆ తర్వాత చూసిన అలాంటి పుస్తకాలన్నిటిలోనూ ఇదే వరస. సగం కోతి అయితే నోరు పడిపోవాలా? మాట తెలిసినవాడనే కదా రాముడు ఆంజనేయుణ్ణి లంకకు పంపింది!

మా వీధికి ఏటా వచ్చే ఆ వేషగాడు ప్రతి ఇంటి ఇల్లాలినీ సీతమ్మగా భావించి రాముడి కబురు చెప్పేవాడు. కబురంతా విన్నాక ఆమె అతని కాళ్ల మీద నీళ్లు పోయాలి. ఏడాదంతా అమ్మ ఎదురుచూసేది ఆ ఘడియ కోసమే. ఆ సాయంత్రం కూడా చెంబుతో గడపలో నిలబడింది. అతను చేతులు జోడించి మొదలుపెట్టాడు.

"అమ్మా సీతమ్మ తల్లీ, నీ రాముడు..."

"ఒరేయ్, ఆగాగు," అన్నాడు బావ, పుస్తకం చూపిస్తూ. "కోతికి మాటలేందిరా? ఇదిగో, చూడు. ఏదీ, గుర్రుమను!"

"తప్పు అల్లుడుగారూ, వదిలెయ్యండి," అన్నాడు టైలరు బాబాయి. "ఆ తోక నేను కుట్టిందే."

బావ నవ్వుతూ తోక పట్టి లాగాడు. పర్రున చినిగింది. లోపల కూరిన గడ్డి నేల మీద రాలింది. వేషగాడు తోక భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

"కబురు సగంలో ఆగింది మరిదీ," అంది అమ్మ. "ఇంక మన గడప తొక్కుతాడా?"

"బావను ఒక్క మాటన్నా అనవేందమ్మా?" అన్నాను.

"అల్లుడురా. ఏమంటాం?"

అల్లుడైతే ఏం చేసినా చెల్లుతుందా? ఆ మర్యాద మీద నాకు ఇప్పటికీ మంటే.

మర్నాడు పొద్దున బావ అరుగు మీద కాఫీ తాగుతున్నాడు. వీధి మలుపులో నవ్వులు వినపడ్డాయి. ప్యాంటు, టై, నల్ల కళ్లద్దాలు, చంకలో పుస్తకం. అచ్చం బావే నడిచి వస్తున్నాడు! ఆ నడక, ఆ మెడ విరుపు కూడా. మా ముందు ఆగి, పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని ఏదో చెప్పబోయాడు.

"గుర్ర్ర్!"

వీధి వీధంతా విరగబడి నవ్వింది. బావ గ్లాసు అక్కడే వదిలి లోపలికి పోయాడు.

"ప్యాంటు మన షాపుదేలే వదినా," అన్నాడు టైలరు బాబాయి, కుట్టు వేసిన తోక వేషగాడికి అందిస్తూ.

అతను పుస్తకం కింద పెట్టి, తోక నడుముకు కట్టుకుని, అమ్మ ముందు చేతులు జోడించాడు.

"నీ రాముడు నిన్ను మరిచిపోలేదు తల్లీ..."

కబురు పూర్తయ్యేదాకా విని, అమ్మ నీళ్లు పోసింది.