అయిదో గోలీ

తెనాలి మారీసుపేటలో ఎజ్రా గారి వైండింగ్ షాపు ముందు ఎప్పుడూ రెండు మూడు కాలిపోయిన నీటి మోటార్లు పడి ఉంటాయి. సంగం జాగర్లమూడి నుంచి, ఇంకా అవతల నుంచి రైతులు తెచ్చి దించిపోతారు. ఆయన మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పట్టించి ఆరబెడతాడు. అరవై నాలుగేళ్ల మనిషి. సన్నగా ఉంటాడు, మాట పొదుపు. మోటారు తిరిగిచ్చేముందు ఎర్తు మూడుసార్లు చూస్తాడు. "ఒకసారి చూశారుగా, అవతల నారు ఎండిపోతోందండి" అని ఎవరైనా తొందరపెడితే, "తొందరైతే ఇంకో షాపుకి తీసుకెళ్లండి" అంటాడు. ఆ జాగ్రత్త వల్లే ఆయనకి పేరు వచ్చింది. ఆ జాగ్రత్త ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పోయిన మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం సాయి ప్రియ అనే అమ్మాయి ఆ షాపుకి వచ్చింది. బాపట్లలో ఇంట్లోనే కూర్చుని ఏదో కంపెనీకి ప్రోగ్రాములు రాస్తుంది. ఫోనులో ఒక ఫోటో చూపించింది. పాత ప్లైవుడ్ పలక అడుగుభాగం. దాని మీద పెన్సిలు రాత: "ఎడమ రెక్క 850 చుట్లు. ఎజ్రా, తెనాలి."

"ఇది మీరేనా బాబాయి గారూ? ఈ పేరు పట్టుకుని పొద్దుట్నుంచి నాలుగు షాపులు తిరిగాను."

ఎజ్రా ఫోను చేతిలోకి తీసుకోలేదు. దూరం నుంచే చూశాడు.

"ఎక్కడ దొరికింది?"

"రేపల్లెలో మా అత్తయ్య వాళ్ల పక్కింట్లో కిటికీకి తలుపుగా బిగించారండి. చిల్లుల్లోంచి ఎండ గుండ్రంగా పడుతుంటే చూసి గుర్తుపట్టాను. పిన్ బాల్ బల్ల పలక. ఇలాంటిది నెట్ లో ఎంత వెతికినా లేదు."

"ఆ ఇంటావిడ పేరు?"

"సుబ్బులమ్మ గారు."

ఎజ్రా చేతిలో ఉన్న తీగ చుట్ట కింద పెట్టి, మళ్ళీ తీసుకుని, మళ్ళీ పెట్టాడు.

ఆ బల్లని అప్పట్లో జనం గోలీ మిషను అనేవారు. నడుమెత్తు పెట్టె, పైన వాలుగా పలక, దాని మీద అద్దం. స్ప్రింగు లాగి వదిలితే ఉక్కు గోలీ పైకెళ్లి, గంటలకి కొట్టుకుంటూ కిందికి జారుతుంది. అడుగున రెండు చిన్న రెక్కలుంటాయి. మీట నొక్కితే అవి లేచి గోలీని మళ్ళీ పైకి కొడతాయి. గోలీ రెక్కల మధ్య నుంచి గానీ పక్క సందుల్లోంచి గానీ జారిపోతే ఆ గోలీ అయిపోయినట్టే. ఆటకి అయిదు గోలీలు. ఏదో ఓడ మీద నావికుల కోసం ఉన్న మిషనుని ఒక ఎగ్జిబిషన్ యజమాని విశాఖపట్నంలో కొన్నాడు. దాని ముందు అద్దం మీద అలల్లోంచి లేస్తున్న ఆడమనిషి బొమ్మ ఉండేది. అందుకని జలకన్య అని పేరు పెట్టారు. తెనాలిలో ఒక నెల, బాపట్లలో ఒక నెల, రేపల్లెలో ఒక నెల, జలకన్య డేరాతో పాటు తిరిగేది. మిషను బాగు చేసేది ఎజ్రా. ఆడించేది చెరుకుపల్లి యలమంద. ఇద్దరికీ ముప్పై నిండలేదు. ఒకే కంచంలో తినేవాళ్లు.

యలమంద ఆట చూడ్డానికే జనం వచ్చేవాళ్లు. గోలీ ఎడమ పక్క సందులోకి జారబోయే క్షణంలో అతను బల్ల పక్కనున్న ఇనప పట్టీకి నడుముతో చిన్న తోపు ఇచ్చేవాడు. గుక్క తిప్పుకునేంత సేపు ఆగి, ఇంకొకటి, కాస్త గట్టిగా. గోలీ సందు అంచు మీద తటపటాయించి, వెనక్కి తిరిగి రెక్క మీదికి వచ్చేది. ఆ రెండు తోపుల మధ్య ఎడం ఎవరూ పట్టుకోలేకపోయారు. ఎజ్రా ఎన్నిసార్లు ప్రయత్నించినా చేతకాలేదు.

ఆమె రమ్మంటే వారం తరవాత ఎజ్రా బాపట్ల వెళ్లాడు. సాయి ప్రియ ఇల్లు రైలు కట్టకి దగ్గర. ఆమె వడ్రంగి చేత నడుమెత్తు పెట్టె చేయించి, పైన టీవీని పడుకోబెట్టి బిగించింది. అటూ ఇటూ రెండు మీటలు, ముందు లాగి వదిలే స్ప్రింగు. పెట్టెని తోస్తే కనిపెట్టడానికి లోపల చిన్న సెన్సారు.

"కంప్యూటర్లోనే ఆడుకునే పిన్ బాల్ సిమ్యులేటర్లు చాలా ఉన్నాయి బాబాయి గారూ. మూడు చూపిస్తాను. నిజం మిషను మీద చెయ్యి పెట్టినవాళ్లు నాకు మీరొక్కరే దొరికారు. ఏది నిజానికి దగ్గరో చెప్పండి."

మొదటిది ఫోనుల్లో అందరూ ఆడేది. దీపాలు, బాణసంచా, గోలీకి వెనక నిప్పుల తోక. ఎజ్రా రెండు నిమిషాలు ఆడి చేతులు తీసేశాడు.

"ఈ గోలీకి నేనంటే భయం. చెప్పినట్టల్లా వింటోంది. గోలీ అలా వినదమ్మా."

రెండోది విదేశీ పాత బల్లలని యథాతథంగా దించింది. గోలీ మీద దీపాల నీడలు కూడా కదులుతున్నాయి. ఎజ్రా చాలాసేపు ఆడాడు.

"ఇది బాగుంది. కానీ ఎంతసేపు ఆడినా బల్ల వేడెక్కట్లేదు. మా బల్లలో రెక్కని లేపే కాయిలు రెండు గంటలు ఆడాక నీరసపడేది. రెక్క ముప్పాతికే లేచేది. ఆడేవాడు అది కూడా మనసులో పెట్టుకోవాలి. ఇందులో ప్రతి ఆటా ఇవాళ పొద్దున్నే కొన్న మిషను మీద ఆడినట్టుంది."

"కొత్త బల్లల్లో వంతెనలు, సొరంగాలు, కథలు కూడా ఉంటాయండి. మీకు అవి నచ్చవా?"

"నచ్చకేం. కానీ అక్కడ కథ చెప్పిన దారినే మనం పోవాలి. జలకన్య మీద ఏముంది? నాలుగు గంటలు, మూడు గుంటలు. పలకంతా ఖాళీ. ఆ ఖాళీలో గోలీ ఎటు పోవాలా అని ఆలోచిస్తున్నట్టు కనపడేది. అది చూడ్డానికే జనం నిలబడేవాళ్లు."

మూడోది ఉచితంగా దొరికే సిమ్యులేటర్. ఆసక్తి ఉన్నవాళ్లు ఎవరికి వాళ్లు బల్లలు తయారు చేసి అందులో పెట్టుకుంటారు. సాయి ప్రియ రేపల్లె పలకని ఫోనుతో అంగుళం అంగుళం ఫోటోలు తీసి, ప్రతి గీతనీ, ప్రతి గుంటనీ కొలిచి, జలకన్యని అందులో కట్టింది.

తెర మీద ఆ పలక వెలిగింది. ఎజ్రా స్ప్రింగు లాగాడు. గోలీ పైకి వెళ్లి, రెండు గంటలు మోగించి, నింపాదిగా ఎడమ పక్కకి దిగింది. సందు అంచుకి చేరింది. పోయిందనుకున్నాడు. అప్పుడు పెట్టె సన్నగా కదిలింది. గుక్క తిప్పుకునేంత సేపు ఆగి, మళ్ళీ, కాస్త గట్టిగా. గోలీ వెనక్కి తిరిగి రెక్క మీదికి వచ్చింది.

"భలే తోశారు బాబాయి గారూ!"

"నేను తొయ్యలేదమ్మా."

సాయి ప్రియ కిటికీ వైపు చూసింది. "అయితే రైలు వెళ్లుంటుంది. ఒక్కోసారి పెట్టె అదురుతుంది లెండి."

రైలేదీ వెళ్లలేదు. కట్ట మీద ఎండ తప్ప ఏమీ లేదు. రెండో గోలీకి కూడా అలాగే రెండు తోపులు పడ్డాయి. సాయి ప్రియ పెట్టె వెనక తలుపు తెరిచి సెన్సారు వైరు లాగేసింది.

"ఇప్పుడిక తోపు అనేదే ఉండదు. ఆడండి."

మూడో గోలీ ఎడమ సందు దాకా వచ్చింది. ఈసారి పెట్టె కదల్లేదు. తెర మీది పలక మాత్రం సన్నగా అదిరింది, ఆగి, మళ్ళీ అదిరింది. నాలుగో గోలీకీ అంతే. ఎజ్రా మీటల మీద నుంచి చేతులు తీసేసి వెనక్కి జరిగాడు. సాయి ప్రియే అయిదో గోలీ వదిలింది. అది ఎడమ సందు అంచుకి వచ్చి తటపటాయించింది. ఒక తోపు పడింది. ఇద్దరూ రెండోదాని కోసం చూశారు. పడలేదు. గోలీ అంచు మీద అలాగే ఉండి, తరవాత జారిపోయింది.

"అయిదో దానికి ఒక్క తోపే ఉండేట్టు నువ్వు రాశావా అమ్మా?" ఎజ్రా అడిగాడు.

"నేనసలు తోపే రాయలేదు బాబాయి గారూ."

ఆమె కంప్యూటరులో పాత ఆటల వివరాలు తీసింది. బల్ల కట్టిన దగ్గర్నుంచి ఇరవై రోజుల ఆటలు. గోలీ ఎడమ సందుకి వచ్చిన ప్రతిసారీ, మొదటి నాలుగు గోలీలకీ రెండేసి తోపులు నమోదయ్యాయి. అయిదో గోలీకి ఒక్కటే. ఇన్నాళ్లూ అవి తన చేతుల అదురే అనుకుంది. ఇప్పుడు ఆ వరసలు చూస్తూ కుర్చీ కాస్త గోడ వైపు జరుపుకుంది.

ఎజ్రా నేల మీద కూర్చుండిపోయాడు. అక్కడే, ఆ మధ్యాహ్నమే, ముప్పై అయిదేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఆ అమ్మాయికి చెప్పాడు.

ఆ ఏడు రేపల్లెలో జలకన్య ట్రాన్స్‌ఫార్మర్ పాడైంది. ఎజ్రా దాన్ని విప్పి హడావుడిగా చుట్టాడు. లోపల ఎక్కడో పెట్టె ఇనుముకి కరెంటు తగులుతోంది. ఎర్తు వైరు కలిపితే ఫ్యూజు కొట్టేస్తోంది. డేరా నిండా జనం. రేపు విప్పి చూద్దాంలే అని ఎర్తు వైరు పీకి పక్కన పెట్టాడు. మిషను ఆడింది. సాయంత్రం కాకుండానే అకాలపు వాన పడింది. నేలంతా తడి. యలమంద చెప్పులు విప్పి ఆడుతున్నాడు. పక్కన ఎజ్రా నిలబడి చూస్తున్నాడు. నాలుగు గోలీలు అయిపోయాయి. అయిదోది ఎడమ సందు అంచుకి వచ్చింది. యలమంద చొక్కా పైకి జరిగి ఉంది. నడుము పట్టీకి ఆనించి ఒక తోపు ఇచ్చాడు. రెండోది ఇవ్వలేదు.

జనం అతన్ని ఎత్తుకుని పరిగెడుతుంటే, ఎజ్రా పెట్టె వెనక వంగి ఎర్తు వైరు మళ్ళీ కలిపేశాడు. తరవాత వచ్చి చూసినవాళ్లకి మిషనులో తప్పేమీ కనపడలేదు. డేరా గుంజకి చుట్టిన వైరు ఒకచోట చిట్లి ఉంది. తప్పు దాని మీదికి పోయింది.

మర్నాడు సాయి ప్రియ తోడుగా ఎజ్రా రేపల్లె వెళ్లాడు. సుబ్బులమ్మ యలమంద భార్య. అతను పోయాక మిషను పలకని ఆమే ఇంటికి తెచ్చుకుంది. ఎజ్రాని చూసి గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"ఎజ్రా అన్నయ్యా? ఎంత ముసలాడివైపోయావు! దినాలప్పుడు వచ్చినోడివి మళ్ళీ ఇప్పుడా?"

అరుగు మీద కూర్చుని ఎజ్రా అంతా చెప్పాడు. ఒక్క మాట కూడా దాచలేదు. లోపల కిటికీ చిల్లుల్లోంచి పడే ఎండ చుక్కలు నేల మీద ఒక జానెడు జరిగేదాకా సుబ్బులమ్మ వాటినే చూస్తూ కూర్చుంది.

"ఆ రోజు అన్నం తిన్నాడా?" అని అడిగింది చివరికి.

"తిన్నాం చెల్లెమ్మా. నువ్వు పంపిన గోంగూరతోనే. ఇద్దరం."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసేసి, గట్టిగానే మాట్లాడింది. "ఆ గుంజకి వైరు కట్టిన పున్నయ్యని ఎంత తిట్టానో నీకు తెలుసా? నాలుగు రోజులు స్టేషన్లో పెట్టారు. పని పోయింది. కూతురి పెళ్ళికి వచ్చి పిలిస్తే గుమ్మంలోంచి పొమ్మన్నాను. నాకు చెప్పావు, సరే. ఆయనకెవరు చెప్తారు? నాకు ఇప్పుడు నీ మొహం చూడాలని లేదన్నయ్యా. ముందు అక్కడికి వెళ్లు."

పున్నయ్య రేపల్లెకి దగ్గర్లో నగరం అనే ఊళ్లో ఉంటున్నాడు. డెబ్బై దాటాయి. పంచలో నులక మంచం మీద కూర్చుని, ఎజ్రా చెప్పేది చెయ్యి చెవికి ఆనించుకుని విన్నాడు. విని తల అడ్డంగా ఊపాడు.

"లేదురా. ఆ వైరు నేనే కట్టాను. చిట్లిందని పొద్దున్నే చూశాను. టేపు చుట్టాలనుకుని మర్చిపోయాను."

"ఆ వైరుకీ దానికీ సంబంధం లేదు పున్నయ్యా. తప్పు నాది."

"నీదైతే వాడు నాకెందుకు కనపడతాడు?" పున్నయ్య మామూలుగానే అడిగాడు, పొలం గట్టు సంగతి అడిగినట్టు. "ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆ పంచ గుంజకి ఆనుకుని నిలబడతాడు. ఏమీ అనడు. నీ దగ్గరికి ఎప్పుడైనా వచ్చాడా?"

ఎజ్రా గుంజ వైపు చూడలేకపోయాడు. "ఇప్పుడు వస్తున్నాడు. బాపట్లలో" అన్నాడు.

పున్నయ్య లేచి చొక్కా వేసుకున్నాడు.

ముగ్గురూ బాపట్ల చేరేసరికి మూడు దాటింది. సాయి ప్రియ పెట్టె వెలిగించింది. సెన్సారు వైరు ఇంకా ఊడదీసే ఉంది. ఎజ్రా కుడి మీట దగ్గర, పున్నయ్య ఎడమ మీట దగ్గర నిలబడ్డారు. మొదటి గోలీకి పలక రెండుసార్లు అదిరింది. పున్నయ్య ఉలిక్కిపడలేదు. తెలిసిన మనిషి గొంతు విన్నట్టు తల పక్కకి వంచాడు. రెండు, మూడు, నాలుగు గోలీలు అయిపోయాయి. గోడ దగ్గర సాయి ప్రియ రెండు చేతులూ కట్టుకుని నిలబడి ఉంది.

ఎజ్రా అయిదో గోలీ వదిలాడు. అది గంటలు మోగించుకుంటూ దిగి, ఎడమ సందు అంచున ఆగింది. ఒక తోపు పడింది.

పున్నయ్య మీట వదిలేశాడు. బల్లకి ఎడమ పక్కన తను నిలబడ్డ చోటు నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నువ్వు కూడా కాస్త అటు జరగరా ఎజ్రా," అన్నాడు మెల్లిగా. "వాడికి చోటు చాలట్లేదు."